రెండు బాటిళ్ళు, ఒక డీపీ

మా చిన్నాయన మిలటరీలో పనిచేసి రిటైరయ్యాడని ఆఫీసులో ఎప్పుడు చెప్పినా అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అయితే క్యాంటీన్ కోటా వుంటుంది కదా బాస్, ఈసారి ఊరెళ్ళినప్పుడు రెండు బాటిళ్ళు తెస్తావా?" ఆయనది ఏ రెజిమెంటు, ఎక్కడెక్కడ పనిచేశాడు అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు. బెంగుళూరులో వుండే మనలాంటి వాళ్ళకి మిలటరీ అంటే గుర్తొచ్చేవి రెండే. ఒకటి మిలటరీ హోటల్లో మటన్ బిర్యానీ, రెండోది క్యాంటీన్ రమ్ము. సరిహద్దులో ఏదైనా జరిగితే మూడోది కూడా గుర్తొస్తుంది, వాట్సాప్ డీపీలో జెండా.

నిజానికి ఈ టపా ఎవర్నో తిట్టడానికి మొదలుపెట్టాను. రాస్తూ పోతే మొదటి ముద్దాయిని నేనే అని తేలింది. అలాగని మిమ్మల్ని వదిలిపెడతానని కాదు :)

మాది అనంతపురం జిల్లా కణేకల్ మండలంలో ఒక చిన్న ఊరు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, కణేకల్ రాయదుర్గానికి పైన, కర్ణాటక సరిహద్దుకి దగ్గర్లో వుంటుంది. ఒక పక్క చెరువు, తుంగభద్ర ఎగువ కాలవ నీళ్ళొస్తే పండే వరి మళ్ళు. ఇంకో పక్క వేదవతి, మేం హగరి అంటాం. ఏటిలో నీళ్ళకంటే ఇసక ఎక్కువ. గాలికి ఆ ఇసక లేచొచ్చి పొలాల మీద దిబ్బలు పడుతుంది. ఎడారి చూడాలంటే రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. జిల్లా మొత్తానికి ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అది కూడా పడవలసినప్పుడు పడదు.

మా ఊళ్ళో మిలటరీకి పోయినవాళ్ళు ఎందుకు పోయారో తెలుసుకోవాలంటే ఈ వాన లెక్క తెలియాలి. టీవీలో యాంకర్లు చెప్పే దేశభక్తి సంగతి నాకు తెలీదు గానీ, మా సుబేదార్ తాతని చిన్నప్పుడు అడిగితే ఒకటే మాట అన్నాడు. "వాన పడింటే నేనేమిటికి పోతాన్రా మిలటరీకి? కరువు తోలింది, పోయినా."

సుబేదార్ తాత మాకు బంధువు కాదు. ఊరంతా అలాగే పిలుస్తారు. 1968లో ఇంజనీర్స్‌లో చేరాడు. 1971 డిసెంబరు యుద్ధంలో షకర్‌గఢ్ వైపు, బసంతర్ ఏటి దగ్గర మైన్లు తీసిన వాళ్ళల్లో ఆయన వున్నాడు. ట్యాంకులు ముందుకి పోవాలంటే ముందు ఎవడో ఒకడు మైన్లు తీసి దారి చెయ్యాలి కదా, ఆ ఎవడో ఒకళ్ళు వీళ్ళు. ఎనిమిదో తరగతి చదివిన ఆయన చేసిన ఇంజనీరింగ్ అది. నాలుగేళ్ళు బీటెక్ చదివి నేను చేసే ఇంజనీరింగ్ ఏమిటంటే ఒక షాపింగ్ సైట్లో బటన్ రంగు మార్చటం. ఇందులో సిగ్గుపడేదేం లేదు, జీతం కోసమే ఇద్దరం చేశాం. తేడా తెలుసుకుని వుంటే చాలు.

మా చిన్నాయనని 1988లో బెంగుళూరు తీసుకుపోయి సైన్యంలో చేర్పించింది కూడా ఆయనే. చిన్నాయన హవల్దార్‌గా రిటైరై వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటివాళ్ళు ఇంకో నలుగురైదుగురు వుంటే, అందర్నీ ఒకచోట చేర్చిందీ సుబేదార్ తాతే. సంఘం, బోర్డు, రసీదు పుస్తకం లాంటివేమీ లేవు. నెలకోసారి కలిసి క్యాంటీన్‌కి బస్సులో పోతారు. నవంబరు వస్తే బతికే వున్నామని పింఛను కోసం ఇచ్చే సర్టిఫికెట్‌కి అందరూ కలిసే పోతారు. వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోకపోతే ఒకరినొకరు ఏడిపించుకుంటారు, "నువ్వు పోయినావంట కదప్పా, మిషను చెప్తాంది" అని. ఎవరికైనా ఆసుపత్రి కాగితాలు తిరిగొస్తే అందరూ ఒకళ్ళింట్లో కూర్చుని నింపుతారు. బతికున్నంతకాలం ఒకర్నొకరు చూసుకోవటం అంటే ఇదే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

డిసెంబరు 16 వాళ్ళకి పెద్ద రోజు. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు అని మనం క్విజ్‌లో చదువుకున్నాం కదా, అదే. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, మెడల్స్ పెట్టుకుని చెరువు గట్టు మీద వేపచెట్టు కింద చేరతారు. సుబేదార్ తాత దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్కు వుండేది. అందులో పేర్లు. ఆయనతో పనిచేసి పోయినవాళ్ళు, ఈ పక్క ఊళ్ళనుంచి వెళ్ళి తిరిగి రానివాళ్ళు, వచ్చాక ముసలితనంతో పోయినవాళ్ళు, అందరివీ. ఒక్కొక్క పేరూ గట్టిగా చదువుతాడు. మిగతావాళ్ళలో ఎవరో ఒకరు "హాజిర్" అంటారు. నలభై రెండు పేర్లు. ఆ తర్వాత ఉగ్గాని, బజ్జీ తిని, టీ తాగి ఎవరిళ్ళకి వాళ్ళు. ఉపన్యాసం లేదు, మైకు లేదు, భారతమాతాకీ జై కూడా లేదు. నేను చూసింది రెండు సార్లే. మొదటిసారి కాలేజీలో వున్నప్పుడు, ముసలాళ్ళ పిచ్చి అనుకున్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచి నోట్‌బుక్కు చేతికిచ్చాడు. "నువ్వు కంప్యూటర్ ఇంజనీరు కదా నాయనా, దీన్ని దాంట్లోకి ఎక్కించి పెడతావా? నా రాత వీళ్ళకి అర్థం కాదు" అన్నాడు. ఎంత పని అది? నలభై రెండు వరసలు. ఒక్కో పేరు దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి అడిగితే రెండు గంటలు. "తప్పకుండా తాతా, ఈసారి నాలుగు రోజులు సెలవు పెట్టుకుని వస్తా" అన్నాను. ఆ తర్వాత రెండేళ్ళలో నేను గోవా రెండుసార్లు, కూర్గ్ మూడుసార్లు వెళ్ళాను. మా ఊరికి పండక్కి వెళ్ళి పొద్దున దిగి రాత్రి బస్సెక్కాను.

పోయిన నవంబరులో సుబేదార్ తాత పోయాడు. డెబ్బయ్యారేళ్ళు.

చిన్నాయన ఫోన్ చేస్తే వెళ్ళాను. అయిదుగురు వచ్చారు, ఒకాయన గుంతకల్ నుంచి రెండు బస్సులు మారి. అందరూ తెల్ల చొక్కా, తలమీద టోపీ. ఒక ఆఫీసుకి ముందురోజే కబురు చేశారట, ఎవరూ రాలేదు. ఊళ్ళో కుర్రాళ్ళు ఒక జెండా పట్టుకొచ్చి కప్పుదామన్నారు. చిన్నాయన ఒప్పుకోలేదు. "రూల్ లేదు" అన్నాడు. నిజమే, 2002 జెండా నియమావళి ప్రకారం ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లోనే జెండా కప్పాలి. జెండా కోసం మైన్ల మీద నడిచిన మనిషికి రూల్ లేదని జెండా లేకుండా చేశారు వాళ్ళు. ఆయన టోపీ, మెడల్స్ గుండె మీద పెట్టారు. ఒకాయన తన ఫోన్‌లో లాస్ట్ పోస్ట్ బిగిల్ పెట్టాడు. మధ్యలో యాడ్ వచ్చింది. ఆయన చెయ్యి వణుకుతూ దాన్ని తీసేశాడు. సెల్యూట్ చేసిన చేతులు మాత్రం ఎవరివీ దిగలేదు.

ఆ రాత్రి నోట్‌బుక్కు తీసి చూశాను. నలభై రెండులో పదిహేడు పేర్లకి పక్కన ఊరు, సంవత్సరం, ఏమైందో వుంది. మిగతావి "నాయక్, గుత్తి పక్క" అనీ, "చిన్న రెడ్డి, డ్రైవరు" అనీ, "తమిళ పిల్లోడు, బ్రిడ్జి దగ్గర" అనీ వున్నాయి. వాళ్ళెవరో ఆయనకి మాత్రమే తెలుసు. ఇప్పుడు ఎవరికీ తెలీదు. మన భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని ప్రొడక్షన్ డేటాబేస్. బ్యాకప్ తియ్యమని క్లయింటు స్వయంగా అడిగాడు, నేను టికెట్‌ని రెండేళ్ళు పెండింగ్‌లో పెట్టాను. ఇది మన ఆఫీసులో జరిగితే మేనేజర్ ఏమంటాడో మీకు తెలుసు.

ఇప్పుడు మనందరి సంగతికి వస్తాను.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ టైంలో సరిహద్దు దగ్గర కాల్పుల్లో మురళీ నాయక్ అనే అగ్నివీర్ చనిపోయాడు గుర్తుందా? గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు. ఇప్పుడు సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ 2022 దాకా మా అనంతపురం జిల్లానే. ఆ వారం మా ఆఫీసులో తెలుగువాళ్ళందరి డీపీలూ మారిపోయాయి. మంత్రులు వెళ్ళారు, ప్రభుత్వం 50 లక్షలు ప్రకటించింది, పొలం, ఇంటి స్థలం అన్నారు. చెయ్యవలసిందే, తప్పులేదు. తర్వాత అదే సంవత్సరం ఆ అబ్బాయి తల్లి, రెగ్యులర్ సైనికుల కుటుంబాలకి ఇచ్చే పింఛను లాంటివి తమకీ ఇమ్మని బొంబాయి హైకోర్టుకి వెళ్ళవలసి వచ్చింది. ఆ వార్తకి మా ఆఫీసులో ఎన్ని డీపీలు మారాయనుకున్నారు? సున్నా. నాది కూడా మారలేదు.

మనకి సైనికుడు చనిపోతేనే కనిపిస్తాడు. అదీ యుద్ధంలో, అదీ టీవీలో వస్తేనే. రెండు రోజులు ఏడుస్తాం, చెక్కు ఇస్తాం, కూడలిలో విగ్రహం పెడతాం, దాంతో బాకీ తీరిపోయిందనుకుంటాం. ముప్పయ్యేళ్ళు పనిచేసి బతికొచ్చినవాడు ఏం పాపం చేశాడు? బస్సులో నీ పక్కనే కూర్చుని సర్టిఫికెట్ ఇవ్వటానికి పోతుంటాడు, నీకు తెలీదు. తెలిస్తే బాటిల్ అడుగుతావు.

ఇదంతా ఊరి స్వభావం మీద ఆధారపడి వుంటుంది అనేవాళ్ళున్నారు. కొంత నిజం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వుంది, మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరినుంచి పెద్ద సంఖ్యలో వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. వెళ్ళినవాళ్ళ గుర్తుగా ఊళ్ళో స్మారక స్తంభం వుంది. అక్కడ మాజీ సైనికుడంటే ఊరికి పెద్దమనిషి. ఎందుకంటే అక్కడ ఇంటికొకడున్నాడు. మా కణేకల్ వైపు ఊరికి ఒకడో ఇద్దరో, కొన్ని ఊళ్ళలో ఎవరూ లేరు. అలాంటి చోట జ్ఞాపకం దానంతట అది నిలబడదు, ఎవరో ఒకరు పూనుకోవాలి. సుబేదార్ తాత పూనుకున్నాడు కాబట్టి ఇన్నాళ్ళు జరిగింది.

మరి మా ప్రాంతానికి ఈ అలవాటే లేదా అంటే, భేషుగ్గా వుండేది. మీరు రాయలసీమలో ఏ పాత ఊరికి వెళ్ళినా గుడి దగ్గరో, చెరువు కట్ట మీదో, పొలం గట్టునో ఒక చెక్కిన రాయి కనిపిస్తుంది. కత్తి పట్టుకున్న మనిషి, పైన సూర్యుడు చంద్రుడు. వీరగల్లు అంటారు. కొన్నిటి మీద మూడు అంతస్తుల బొమ్మలుంటాయి. కింద యుద్ధం, మధ్యలో అప్సరసలు అతన్ని పైకి తీసుకుపోవటం, పైన శివలింగం ముందు కూర్చోవటం. శాసనం వున్నవాటిలో పేరు, ఊరు, దేనికోసం పోయాడో రాసి వుంటుంది. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయిన మామూలు మనిషికి కూడా రాయి వేశారు. వెయ్యేళ్ళ కిందట, చదువు, కంప్యూటరు ఏమీ లేని ఊళ్ళు చేసిన పని అది. మా పొలానికి పోయే దారిలో అలాంటి రాయి ఒకటుంది. మా జేజి దానికి పసుపు పూసేది. మా నాయన పక్కనుంచి పోతూ దణ్ణం పెట్టేవాడు. నేను దాని మీద కూర్చుని ఫోన్ మాట్లాడేవాణ్ణి. మూడు తరాల్లో మనం సాధించిన ప్రగతి ఇది.

పోనీ పల్లెటూరి సంగతి వదిలేయండి. బెంగుళూరులో బ్రిగేడ్ రోడ్డూ రెసిడెన్సీ రోడ్డూ కలిసేచోట ఒక రాతి స్తంభం వుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మద్రాస్ పయనీర్ల జ్ఞాపకం అది. శనివారం సాయంత్రాలు మనం ఎన్నిసార్లు దాని ముందు క్యాబ్ కోసం నిలబడి వుంటాం? ఒక్కసారైనా చదివామా? అక్కణ్ణుంచి కొంచెం దూరం పోతే అలసూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం. 1780లో పుట్టిన దళం, దక్షిణాది కుర్రాళ్ళతో నిండినది, తెలుగువాళ్ళతో సహా. మనకి మాత్రం అది ట్రాఫిక్ జామ్ అయ్యే చోటు.

"రాసిపెట్టినవి ఎక్కడో వుంటాయిలే" అంటారేమో. కొన్ని వున్నాయి, అదీ తెలుసుకోండి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన భారతీయ సైనికుల పేర్లు వెతుక్కోవచ్చు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి దొరకనివాళ్ళ కోసం కట్టిన స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. సైట్లో చాలా పేర్ల దగ్గర తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా వుంటాయి, ఇంగ్లీషువాడు విన్నట్టు రాసుకున్న స్పెల్లింగుల్లో. ఆ స్పెల్లింగులు చూసి అది ఏ ఊరో చెప్పగలిగేది మనమే. పరాయి పాలకుడు తన కింద పనిచేసిన కూలి సిపాయి పేరు కూడా రాసి దాచిపెట్టాడు. స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లతో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం కట్టుకోవటానికి మనకి 2019 దాకా పట్టింది. దాంట్లో కూడా యుద్ధంలో పోయినవాళ్ళకే చోటు. మంచం మీద పోయిన సుబేదార్ తాతకి ఆయన నోట్‌బుక్కే చోటు. అందులో ఆయన పేరు నలభై మూడోది. చిన్నాయన రాశాడు.

మీరు ఏమంటారో నాకు తెలుసు, కాబట్టి నేనే చెప్పేస్తాను.

ఒకటి, "జీతం తీసుకునే చేశారు కదా, మేమూ టాక్స్ కడుతున్నాం." అవును. నేను దండ వెయ్యమనట్లేదు, కాళ్ళకి దణ్ణం పెట్టమనట్లేదు. ఆయనా అడగలేదు. పేర్లు టైపు చెయ్యమన్నాడు.

రెండు, "ఇదంతా యుద్ధాన్ని పొగడటం." ఆ చెట్టు కింద కూర్చున్న ఒక్కడి నోట కూడా నేను యుద్ధం గొప్పదన్న మాట వినలేదు. యుద్ధం కావాలని అరిచేది టీవీ ముందు కూర్చున్న మనమే. పేర్లు చదివేవాళ్ళకి ఒక్కో యుద్ధం ఎన్ని పేర్లో తెలుసు.

మూడోది అసలైన ప్రశ్న. మా జిల్లావాడే ఒకడు అడిగాడు. "అనంతపురంలో అప్పులకి ఉరేసుకున్న రైతుల పేర్లు ఎవరు చదువుతున్నారు? సైనికుడికే ఎందుకు?" దీనికి నా దగ్గర గెలిచే సమాధానం లేదు. వాడన్నది నిజం. సుబేదార్ తాత మిలటరీకి పోయింది కూడా ఆ కరువు వల్లే. పోకపోతే ఆయన పేరు ఆ రెండో లిస్టులో వుండేదేమో. కానీ ఒక లిస్టు లేదు కాబట్టి వున్న రెండోది కూడా పోగొట్టుకుందాం అనటం న్యాయం కాదు కదా. పశువుల కోసం పోయినవాడికీ, రాజు కోసం పోయినవాడికీ ఒకే రకం రాయి వేసిన నేల మనది. ఆ పనిని ఎక్కడో ఒకచోట మొదలుపెడితే రెండోదానికి కూడా దారి తెలుస్తుంది.

ఇంకో భయం కూడా వుంది నాకు. అగ్నిపథ్ కింద 2022 చివర్లో చేరడం మొదలైన మొదటి బ్యాచ్‌కి నాలుగేళ్ళు 2026 చివరికి నిండుతాయి. పథకం ప్రకారం పాతిక శాతం దాకా వుంచుకుని మిగతావాళ్ళని పంపేస్తారు. వాళ్ళకి పింఛను లేదు, మాజీ సైనికుల ఆసుపత్రి సౌకర్యం లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ. నేనడిగేది చిన్న సంగతి. మా ముసలాళ్ళని ప్రతి నెలా కలిపింది ఏమిటి? క్యాంటీన్ బస్సు, నవంబరు సర్టిఫికెట్, ఆసుపత్రి కాగితాలు. ఇవేవీ లేని కుర్రాడు ఇరవై అయిదేళ్ళకి ఇంటికొచ్చి, బళ్ళారిలోనో బెంగుళూరులోనో సెక్యూరిటీ పనికి పోతే, వాణ్ణి ఆ చెట్టు కిందకి ఏది తీసుకొస్తుంది? ఇంకో పదిహేనేళ్ళకి ఆ పేర్లు చదివేదెవరు, "హాజిర్" అనేదెవరు?

అందుకని చెప్పేదేమిటంటే, ఎవరో చేస్తారని కూర్చోవద్దు. మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఎవరో కనుక్కోండి. వాళ్ళు బతికుండగానే వెళ్ళి పక్కన కూర్చోండి. పేరు, ఊరు, దళం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎవరితో పనిచేశారు, ఎవర్ని పోగొట్టుకున్నారు, ఇంతే. యాప్ అక్కర్లేదు, స్టార్టప్ అసలే అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు చాలు. ఒక కాపీ ఊరి స్కూల్లో, ఒకటి పంచాయతీలో, ఒకటి మీ దగ్గర. వాళ్ళు కలిసే రోజు ఏదో తెలుసుకుని ఆ రోజు సెలవు పెట్టి వెళ్ళండి. మూడు నెలల ముందే లాంగ్ వీకెండ్లు ప్లాన్ చేసే జాతి మనది, ఇది చేతకాదని మాత్రం అనకండి.

మొన్న డిసెంబరు 16కి నేను వెళ్ళాను. చిన్నాయన చదివాడు. "తమిళ పిల్లోడు, బ్రిడ్జి దగ్గర" అన్నచోట ఒక్క క్షణం ఆగి, అలాగే చదివేశాడు. ఎవరో "హాజిర్" అన్నారు. నలభై మూడో పేరు వచ్చేసరికి అందరూ నావైపు చూశారు. నాకు గొంతు రాలేదు. గుంతకల్ ఆయనే అన్నాడు.

ఆ షీటులో ఇప్పటికి ఇరవై ఒక్క వరసలు పూర్తయ్యాయి. మిగతా ఇరవై రెండింటిలో ఎన్ని నింపగలనో తెలీదు. గుత్తి పక్కన "నాయక్" అనే ఇంజనీర్స్ జవాను గురించి మీ ఇంట్లో ముసలాళ్ళకి ఏమైనా తెలిస్తే దయచేసి అడిగి చెప్పండి. అడిగేటప్పుడు బాటిల్ సంగతి ఎత్తకండి.